పెంటాక్స్ కె-1000: వెలుతురును కొలవడం నేర్పే కెమెరా



సెల్‌ఫోన్‌తో రోజుకు వంద ఫోటోలు తీసే ఈ కాలంలో రీలు వేసే పాత కెమెరా గురించి పాఠమేమిటని మీకు అనిపించవచ్చు. ఫోన్ మనకు చెప్పకుండా చేసేసే లెక్కలన్నీ ఈ కెమెరాలో మన చేత్తో మనమే చేయాలి. ఆ లెక్కల్లో ఒకటి మన ముఖాలకు సంబంధించినది. పాత గ్రూపు ఫోటోలు తీసి చూడండి. తెల్ల చొక్కాలు, వెనుక సున్నం గోడ శుభ్రంగా కనిపిస్తాయి. చొక్కాల పైన ఉండాల్సిన ముఖాలు కొన్ని మాత్రం కళ్ళూ ముక్కూ తెలియకుండా నల్లటి మచ్చల్లా ఉంటాయి. "వాడు నలుపు కదా, అంతే పడతాడు" అని నవ్వి ఊరుకుంటాం. ఆ ముఖాలు అలా పడటానికి కారణం వాటి రంగు కాదు. వెలుతురును కొలిచిన తీరు. అదెలాగో తెలియాలంటే ముందు కెమెరా లోపల ఏముందో చూడాలి.

కెమెరా పుట్టుక

ఖమ్మంలో కొన్నేళ్ళు స్టూడియో నడిపిన మన పూర్వ విద్యార్థి ఒకరు, పిల్లలు నేర్చుకుంటారని హాస్టల్‌కు ఒక పెంటాక్స్ కె-1000 ఇచ్చారు. ఇనుప ముద్దలా బరువుగా ఉంటుంది. లెన్స్ లేకుండానే అరకిలో దాటుతుంది. దీన్ని చేసింది జపాన్‌కు చెందిన ఆసాహి ఆప్టికల్ కంపెనీ. 1919లో కళ్ళజోళ్ళ అద్దాలతో మొదలైన ఈ కంపెనీ 1952లో 'ఆసాహిఫ్లెక్స్' అనే కెమెరా తెచ్చింది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడే ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో జపాన్‌లో తయారైన మొదటిది అదే. 1957లో కెమెరా నెత్తిన పెంటాప్రిజమ్ అనే గాజు పట్టకాన్ని అమర్చి, దాని పేరు కలిసివచ్చేలా 'పెంటాక్స్' అని పేరు పెట్టారు. 1964లో వచ్చిన 'స్పాట్‌మాటిక్', లెన్స్‌లోంచి లోపలికి వచ్చిన వెలుతురునే కొలిచే ఏర్పాటుతో పేరు తెచ్చుకుంది.

కె-1000 వచ్చింది 1976లో. అదే ఏడాది కానన్ కంపెనీ 'ఏఈ-1' అనే కెమెరాను విడుదల చేసింది. అందులో మైక్రోప్రాసెసర్ ఉంది. మనం షట్టర్ వేగం పెడితే మిగతా లెక్క అదే చూసుకుంటుంది. అయితే బ్యాటరీ అయిపోతే షట్టర్ కదలదు. కె-1000 దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళింది. టైమర్ పెట్టి పరుగెత్తుకెళ్ళి నిలబడే సౌకర్యం కూడా ఇందులో లేదు. ఖర్చు తగ్గించడానికి తీసేయగలిగినవన్నీ తీసేశారు. షట్టర్ మొత్తం స్ప్రింగులు, పళ్ళచక్రాల మీద నడుస్తుంది. వాచీ రిపేరు షాపులో దొరికే ఎల్.ఆర్.44 బిళ్ళ బ్యాటరీ ఒక్కటి వేస్తాం. అది వెలుతురు కొలిచే సూది కోసమే. బ్యాటరీ తీసేసినా ఫోటోలు తీయవచ్చు. చౌక, మొండిది, నేర్చుకోవడానికి అనువైనది కావడంతో చాలా దేశాల్లో ఫోటోగ్రఫీ విద్యార్థులకు మొదటి కెమెరా ఇదే అయింది. తయారీ జపాన్ నుంచి హాంగ్‌కాంగ్‌కు, తర్వాత చైనాకు మారుతూ 1997 దాకా సాగింది. మొత్తం ముప్పై లక్షలకు పైగా చేశారు. పెంటాక్స్ పేరు 2011 నుంచి రికో కంపెనీ చేతిలో ఉంది. ఆ కంపెనీ 2024లో 'పెంటాక్స్ 17' అని మళ్ళీ కొత్తగా ఫిల్మ్ కెమెరా తెచ్చిందంటే రీలు ఇంకా చావలేదనే అర్థం.

లోపల ఏం జరుగుతుంది?

ఎస్.ఎల్.ఆర్. అంటే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. చూడటానికీ తీయడానికీ ఒకటే కటకం. లెన్స్‌లోంచి వచ్చిన కాంతి 45 డిగ్రీల కోణంలో ఉన్న అద్దం మీద పడి పైకి మళ్ళుతుంది. అక్కడ గరుకు తెర మీద బొమ్మ ఏర్పడుతుంది. కటకం బొమ్మను తలకిందులు చేస్తుందని పదో తరగతిలో చదివారు. అద్దం దాన్ని నిలబెడుతుంది గానీ కుడి ఎడమలు తారుమారుగానే ఉంటాయి. పెంటాప్రిజమ్ ఆ పొరపాటు సరిచేసి మన కంటికి అందిస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పట్టకం అనగానే మనం సంపూర్ణాంతర పరావర్తనం అంటాం. దానికి కాంతి సందిగ్ధ కోణం కంటే ఎక్కువ కోణంలో పడాలి. గాజుకు అది దాదాపు 42 డిగ్రీలు. పెంటాప్రిజమ్ ముఖాల మీద కాంతి అంతకంటే బాగా తక్కువ కోణంలో పడుతుంది కనుక ఆ సూత్రం పనిచేయదు. అందుకే ఆ ముఖాలకు అద్దానికి పూసినట్టు వెండి పూత వేస్తారు. పాత కెమెరాల్లో ఈ పూత పొరలుగా లేచిపోతే చూసే కిటికీలో నల్ల మరకలు కనిపిస్తాయి. ఫోటోలో మాత్రం పడవు.

బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెనుక గుడ్డతో చేసిన షట్టర్ తెరలు కదులుతాయి, అద్దం మళ్ళీ కిందికి దిగుతుంది. 'టక్' మనే చప్పుడు అదే. తెరలు రెండు. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది దాని వెనుకే మూసుకుంటూ వస్తుంది. సెకనులో 60వ వంతు, అంతకంటే నిదానమైన వేగాల్లో ఫిల్మ్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణం ఒకటి ఉంటుంది. అంతకంటే వేగం పెంచితే రెండు తెరల మధ్య సందు మాత్రమే ఫిల్మ్ మీదుగా జరిగిపోతుంది. పాత పెళ్ళి ఆల్బమ్‌లలో అక్కడక్కడా ఫోటోకు ఒక పక్క నల్లని పట్టీ కనిపిస్తే, ఫ్లాష్ వెలిగినప్పుడు ఆ సందు ఫ్రేములో కొంత మేరకే ఉందని అర్థం. కె-1000లో ఫ్లాష్ వాడితే వేగం 60 దాటకూడదు.

మూడు అంకెలు

వెలుతురును మూడు అంకెలతో అదుపు చేస్తాం. ఫిల్మ్‌కు వెలుతురు పట్ల ఉండే చురుకు మొదటిది. రీలు డబ్బా మీద 100, 200, 400 అని రాసి ఉంటుంది. 400 రీలు 100 రీలుకు కావలసిన దానిలో నాలుగో వంతు వెలుతురుతో సరిపెట్టుకుంటుంది. రెండోది షట్టర్ వేగం. ఒక సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు వరకు ఉంటుంది. ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది. మూడోది అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం.

తికమక పెట్టేది ఈ మూడోదే. 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎందుకంటే ఇది హారం. మన లెన్స్ నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు. 2 దగ్గర రంధ్రం వ్యాసం 50ని 2తో భాగిస్తే 25 మిల్లీమీటర్లు. 16 దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లర. మరి 2 తర్వాత 3 కాకుండా 2.8 ఎందుకు? వృత్త వైశాల్యం సగం కావాలంటే వ్యాసాన్ని రెండు వర్గమూలంతో, అంటే 1.414తో భాగించాలి. లెక్కల మాస్టారు కరణీయ సంఖ్యలు చెప్పినప్పుడు ఇవి ఎందుకు పనికొస్తాయని అడిగినవాళ్ళకు లెన్స్ చుట్టూ చెక్కిన ఈ అంకెలు చూపించవచ్చు. వెలుతురు రెట్టింపైనా సగమైనా ఆ తేడాను 'ఒక స్టాప్' అంటారు.

మీటరు లేకుండానే పనిచేసే పాత లెక్క ఒకటుంది. మబ్బు లేని ఎండలో అపర్చర్ 16 పెట్టి, రీలు అంకెకు దగ్గరగా ఉన్న షట్టర్ వేగం పెట్టండి. 100 రీలుకు 125వ వంతు, 400 రీలుకు 500వ వంతు. ఎండ దాటి చెట్టునీడలోకో వరండాలోకో వస్తే మూడు స్టాపులు తెరవండి. అంటే 16 నుంచి 5.6కు. బ్యాటరీ అయిపోయిన రోజున ఈ ఒక్క ముక్కతో పని గడిచిపోతుంది.

సూదికి రంగు తెలియదు

కెమెరాలో కన్ను పెట్టి చూస్తే కుడి పక్కన చిన్న సూది కనిపిస్తుంది. పైన కూడిక గుర్తు, కింద తీసివేత గుర్తు, మధ్యలో ఖాళీ. వేగాన్నో అపర్చర్‌నో తిప్పుతుంటే సూది కదులుతుంది. మధ్యకు వస్తే వెలుతురు సరిపోయిందని లెక్క. కాడ్మియం సల్ఫైడ్ అనే పదార్థం మీద వెలుతురు పడితే దాని నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది. ఆ మార్పే సూదిని కదిలిస్తుంది. ఓమ్ నియమం చాలు దీనికి.

అయితే 'సరిపోయింది' అంటే దేనికి సరిపోయింది? సూదికి తన ఎదుట ఉన్నది మనిషో గోడో తెలియదు. ఎదుటి వస్తువు మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిరిగి వస్తుందని, అంటే అది ఒక మధ్యరకం బూడిద రంగు అని అనుకుని కొలత చెబుతుంది. ఖమ్మం మార్కెట్ యార్డులో పత్తి కుప్పకు గురిపెట్టి సూది మధ్యకు తెచ్చి ఫోటో తీయండి. తర్వాత ఇల్లెందులోనో కొత్తగూడెంలోనో సింగరేణి బొగ్గు కుప్పకు గురిపెట్టి అలాగే తీయండి. నలుపు తెలుపు రీలు కడిగించి చూస్తే పత్తీ బూడిదే, బొగ్గూ బూడిదే. పత్తిని చూసి సూది 'అబ్బో, వెలుతురు చాలా ఎక్కువ' అనుకుని తగ్గించమంటుంది. బొగ్గును చూసి పెంచమంటుంది.

ఇప్పుడు మన గ్రూపు ఫోటో దగ్గరికి రండి. వెనుక సున్నం గోడ, ముందు వరుసల్లో తెల్ల చొక్కాలు. కె-1000 సూది ఫ్రేము మొత్తాన్ని కలిపి సగటు తీస్తుంది. గోడలు, చొక్కాలు ఎక్కువ చోటు ఆక్రమించాయి కనుక అది పత్తి కుప్పను చూసినట్టే చూసి వెలుతురు తగ్గించమంటుంది. ఫోటో తీసే అతను తగ్గిస్తాడు. గోడకు పోయేది ఏమీ లేదు. ముఖానికి అందాల్సిన వెలుతురు అందదు. నెగెటివ్‌లో ఆ ముఖం ఉన్న చోటు ఖాళీ గాజులా మిగులుతుంది. ఫిల్మ్ మీద నమోదు కానిదాన్ని తర్వాత ఏ ల్యాబూ తేలేదు. చామనఛాయ వాళ్ళు కాస్త గుర్తుపడతారు. బాగా నల్లటివాళ్ళు మచ్చలవుతారు. ఫోటో దిగిన రోజున అందరూ ఒకే ఎండలో నిలబడ్డారు. వెలుతురు మాత్రం అందరికీ ఒకేలా అందలేదు.

ఇది మన ఊళ్ళ స్టూడియోల సంగతి మాత్రమే కాదు. కోడక్ కంపెనీ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా ఫోటో పంపేది. దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. 1950ల నుంచి చాలాకాలం ఆ కార్డు మీద ఉన్నది తెల్లజాతి స్త్రీయే. ఆమె చర్మం బాగా వస్తే రంగులు బాగున్నట్టు లెక్క. తొలినాళ్ళ రంగు ఫిల్మ్ ముదురు గోధుమ రంగుల్లో తేడాలు పట్టలేకపోయేది. ఈ విషయం మీద పరిశోధన చేసిన కెనడా ఆచార్యురాలు లోర్నా రోత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో, ఫిల్మ్ మెరుగుపడటానికి చాక్లెట్ కంపెనీలు, కర్ర సామాను కంపెనీలు చేసిన ఫిర్యాదులు కూడా కారణమని రాశారు. తమ చాక్లెట్ రకాల మధ్య, చెక్క రకాల మధ్య తేడా ఫోటోలో తెలియడం లేదని వాళ్ళ బాధ. వేర్వేరు ఛాయల స్త్రీలున్న కార్డు 1990లలో గానీ రాలేదు. ఫోన్లు కూడా ఈ చిక్కు దాటి రాలేదు. గూగుల్ కంపెనీ 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో పాటు 'రియల్ టోన్' అని ముదురు ఛాయల కోసం ప్రత్యేకంగా మార్పులు చేసింది.

స్టూడియోల్లో అద్దం పక్కన దువ్వెన, పౌడరు డబ్బా ఉండేవి. పౌడరు రాస్తే ముఖం నుంచి వెలుతురు కాస్త ఎక్కువ తిరిగి వస్తుంది, నిజమే. అపర్చర్ ఒక్క స్టాప్ తెరిస్తే ఆ పౌడరు అక్కర్లేదు. నా ఉద్దేశంలో ఆ డబ్బా ఫోటో దిగేవాడి కోసం కాదు, సూది కోసం పెట్టింది.

ముఖాన్ని కొలిచే పద్ధతి

కెమెరా పట్టుకుని ముఖం దగ్గరికి వెళ్ళండి. చూసే కిటికీ నిండా ముఖమే ఉండాలి. మీ నీడ దాని మీద పడకూడదు. సూదిని మధ్యకు తెచ్చి, అంకెలు అలాగే ఉంచి వెనక్కి వచ్చి ఫోటో తీయండి. వెనక్కి రాగానే సూది గోడను చూసి పైకి ఎగురుతుంది. దాన్ని పట్టించుకోకండి. చామనఛాయ ముఖానికి ఈ కొలత దాదాపు సరిపోతుంది. బాగా నల్లటి ముఖమైతే కొలతలోంచి అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించాలి. లేకపోతే బొగ్గు బూడిదైనట్టు ముఖం వెలిసిపోతుంది. నల్లటివాడిని తెల్లగా చూపడం మన పని కాదు. నలుపు నలుపుగానే ఉండి, అందులో చెంప మీది మెరుపు, కనుబొమ్మ కింద నీడ, పెదవి గీత కనిపించాలి. రంగు ఫిల్మైనా నలుపు తెలుపైనా నెగెటివ్ రీలు ఎక్కువ వెలుతురును ఓర్చుకున్నంతగా తక్కువ వెలుతురును ఓర్చుకోదు. కనుక సందేహం వస్తే తెరిచే వైపే మొగ్గండి.

ముఖం మీదికి కెమెరా తెస్తే పెద్దవాళ్ళు, ముఖ్యంగా మన అమ్మమ్మలు, నానమ్మలు బిగుసుకుపోతారు. అలాంటప్పుడు వాళ్ళున్న వెలుతురులోనే ఉన్న పచ్చగడ్డిని కొలిస్తే చాలు. ఎండలో ఉన్న ఆకుపచ్చ గడ్డి ఇంచుమించు సూది అనుకునే బూడిదకు సమానం. ఇక మిట్టమధ్యాహ్నం గ్రూపు ఫోటో వద్దు. సూర్యుడు నెత్తిన ఉంటే కళ్ళు గుంటల్లో పడిపోతాయి. సాయంత్రం నాలుగున్నర తర్వాత గానీ, వేపచెట్టు నీడలో గానీ తీయండి.

అడవి నీడలో నల్లటి ముఖాలు ఫిల్మ్ మీద పడవని ఎవరైనా అంటే 1940లలో మన గోదావరి కొండల్లో తీసిన ఫోటోలు చూడమనండి. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండి చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య పనిచేశారు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన ఫోటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. లెన్స్‌లోంచి వెలుతురు కొలిచే సూది ఆ రోజుల్లో ఏ కెమెరాలోనూ లేదు. ఆయన ఎదుట నిలబడినవాళ్ళ తాతముత్తాతల కాలం నుంచి ఆ కొండల్లో ఉన్నవాళ్ళ పిల్లలు నేడు భద్రాచలం వైపు హాస్టళ్ళలో చదువుతున్నారు. వాళ్ళ ఊరి ముఖాలను వాళ్ళే తీయగలగాలని నాకు ఆశ.

గణపేశ్వరాలయంలో అభ్యాసం

సాధనకు మనకు దూరం పోవాల్సిన పనిలేదు. కూసుమంచిలోనే కాకతీయుల నాటి గణపేశ్వరాలయం ఉంది. 400 రీలు వేసుకుని, పూజారి గారి అనుమతి తీసుకుని వెళ్ళండి. బయట ఎండ పడే రాతిగోడ దగ్గర అపర్చర్ 16, వేగం 500. గోడ నీడ వైపు వస్తే 5.6, వేగం 500. లోపల స్తంభాల మధ్య 2కి తెరిచి వేగం 60కి దించినా ఒక్కోసారి చాలదు. మొదటి కొలతకూ చివరి కొలతకూ అపర్చర్‌లో ఆరు, వేగంలో మూడు, మొత్తం తొమ్మిది స్టాపుల తేడా. అంటే 512 రెట్లు. మన కన్ను పది అడుగులు నడిచేలోపు ఈ తేడాను సర్దుకుంటుంది కనుక మనకు తెలియదు. ఫిల్మ్ సర్దుకోదు. వేగం 60 కంటే తగ్గితే చెయ్యి వణుకు ఫోటోలోకి వస్తుంది. స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టండి.

ద్వారం దగ్గర ఒక మిత్రుడిని లోపలి నీడలో నిలబెట్టి, వెనుక బయటి ఎండ కనిపించేలా రెండు ఫోటోలు తీయండి. మొదటిది సూది చెప్పినట్టు. రెండోది ముఖం దగ్గరికి వెళ్ళి కొలిచి. ఈ పాఠమంతా ఆ రెండు ప్రింట్లలో ఉంటుంది. ఫోన్‌లో లాగా అంకెలు ఎక్కడా దాచిపెట్టదు కనుక ప్రాక్టికల్ రికార్డు రాసినట్టు ఫ్రేము సంఖ్య, వేగం, అపర్చర్, ఎక్కడ కొలిచారో నోటుబుక్‌లో రాసుకోండి. రీలు ధర, కడిగించే ఖర్చు కలిపితే ఒక్కో ఫోటో ప్లేటు ఇడ్లీ అంత పడుతుంది. నొక్కే ముందు ఆలోచన దానంతటదే వస్తుంది.

కొనాలనుకునే అన్నలకు

పాత కెమెరా కొనేటప్పుడు వెనుక తలుపు తెరిచి ఒక్కో వేగం పెట్టి నొక్కి చూడండి. ఒక సెకను నిజంగా సెకనులా ఉండాలి. షట్టర్ గుడ్డను వేలితో తాకవద్దు. లెన్స్‌ను వెలుతురుకు పట్టి సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడండి. మన వానాకాలం తేమకు తోలు కవరులో బిగించి పెట్టిన లెన్సులకు ఇది త్వరగా పడుతుంది. తలుపు అంచుల్లో, అద్దం తగిలే చోట ఉండే నల్ల స్పాంజి జిగురైపోయి ఉంటే మార్పించాలి. లేకపోతే వెలుతురు చొరబడి ఫోటోల మీద చారలు పడతాయి. కె-1000లో మీటరుకు స్విచ్ లేదు. పని అయ్యాక లెన్స్ మూత పెట్టకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. రీలు వేశాక లివర్ తిప్పుతుంటే ఎడమ పక్క గుండీ కూడా తిరుగుతుందో లేదో చూడండి. అది తిరగకపోతే ఫిల్మ్ జారిందని అర్థం. ముప్పై ఆరు ఫోటోలు తీశాననుకుంటారు, రీలు ఖాళీగా వస్తుంది.

హాస్టల్ కెమెరాలో మొదటి రీలు పన్నెండు మందికి, తలా మూడు ఫ్రేములు. ఒకే మిత్రుడిని సున్నం గోడ ముందు నిలబెట్టి, సూది చెప్పినట్టు ఒకటి, ముఖాన్ని కొలిచి ఒకటి, గడ్డిని కొలిచి ఒకటి తీయాలి. ముప్పై ఆరు ప్రింట్లూ భోజనశాల గోడకు అతికిద్దాం. ఆదివారం టిఫిన్ అయ్యాక వార్డెన్ సార్ గది ముందుకు నోటుబుక్, పెన్ను తీసుకుని రండి. బ్యాటరీ నేను తెస్తాను.